సోమనాథశాస్త్రిగారి జలదారి

శ్రావణమాసము కృష్ణపక్షమున ప్రవేశించియుండెను. రేయెల్ల ధారాపాతముగ కురిసిన వాన తెల్లవారుసరికి తెరపియిచ్చుటచే నీలమేఘముల నడుమనుండి తొంగిచూచిన లేయెండ తడిసిన పెంకుటింటికప్పులను కొబ్బరిమట్టలను పసుపుపూసిన గడపలను ఒక్కతీరున మెరయించుచుండెను. పాలకొల్లు పట్టణమున వీథివీథిని మంగళగౌరీవ్రతములును లక్ష్మీపూజలును పేరంటములును ఎడతెగక సాగుచుండగా పసుపుపాదముల పుణ్యస్త్రీలు పట్టుచీరల కుచ్చెళ్ళు తడియకుండ ఎగదోపుకొని బురదలో మెల్లమెల్లన అడుగులిడుచు కొంగులయందు వాయనపుశనగలు మూటగట్టుకొని యిండ్లకు మరలుచుండిరి. నానిన శనగల వాసన లేని యిల్లు ఆ మాసమున ఆ పట్టణమున వెదకినను దొరకకుండెను.

ఇట్టి శుభవేళ, ఉన్నతపాఠశాలయందు ముప్పదియొక్క వత్సరములు తెలుగు బోధించి విశ్రాంతి గైకొనిన సోమనాథశాస్త్రిగారు తమ పెరటితిన్నెపై మోకాళ్ళు కౌగిలించుకొని కూర్చుండి యెదుట నిలిచిన మురుగునీటిని చూచుచుండిరి. వంటయింటి కడుగునీరును స్నానపునీరును కలసి వెడలిపోవలసిన జలదారి పూడుకొనిపోయి పదిదినములకు పైనాయెను. బియ్యము కడిగిన కుడితియు గంజియు కుంకుడునురుగును పసుపును ఏకమై చిక్కనై కదలికలేక ఎండపొడకు వింతవింత వర్ణములు చూపుచు బావిగట్టువరకును వ్యాపించియుండెను. దానిపై దోమలు సభ తీర్చియుండెను. ఒకప్పుడు సరోవరవర్ణనము చెప్పి పిల్లలను మైమరపించిన శాస్త్రిగారికి ఈ సరోవరమును వర్ణించుటకు నోరాడదయ్యెను.

అయినను ఆనాడు శాస్త్రిగారి మనస్సును కలచివేయుచున్నది ఆ నీరు గాదు. ఆ నీటికావల తూర్పుగోడలోనున్న దిడ్డివాకిలి. మధ్యాహ్నములోపల ఆ వాకిలి ఇటుకలతో మూసివేయబడనుండెను.

ఆ వాకిలి కథ చెప్పవలెనన్న జలదారి కథయే చెప్పవలెను. ఇరువదియారేండ్లక్రిందట శాస్త్రిగారు ఆ యిల్లు కట్టించిననాడు నేలవాలు తూర్పునకుండుటచే నీరు పొరుగువారి పెరటిక్రిందుగ తప్ప వీథికాలువ చేరు మార్గము లేకపోయెను. పొరుగింటి యిల్లాలు పేరమ్మ అడిగినదే తడవుగ సమ్మతించి తన పెరటిలో మట్టిగొట్టము పాతించుకొననిచ్చెను. అంతతో ఊరుకొనక, నీళ్ళు పోవుటకు దారియుండి మనుష్యులు పోవుటకు దారి లేకుండుట యేమి మర్యాదయని ఆమెయే గోడ కొట్టించి దిడ్డివాకిలి పెట్టించెను. శాస్త్రిగారి భార్య జోగమాంబయు పేరమ్మయు ఆనాటినుండి ఒకరినొకరు వదినా యని పిలుచుకొనుచు ఒకరి పొయ్యిమీద పాలు పొంగిన వేరొకరు పరుగెత్తివచ్చి దించుచు కాపురములు సాగించిరి. జోగమాంబకు విషజ్వరము వచ్చి నెలదినములు మంచమెక్కినపుడు ఆ వాకిటగుండ పేరమ్మ పంపిన చారును అన్నమును తినియే శాస్త్రిగారు జీవించిరి. ఆ సంగతి శాస్త్రిగారు మరవలేదు.

ఇట్టి మైత్రికి ఈ మురుగునీరు అడ్డుపడెను. గడచిన వైశాఖమున పేరమ్మ తన గేదెకొరకు ఆ గోడ ప్రక్కనే చప్టా కట్టించియుండెను. వరలక్ష్మీవ్రతమునకు ముందుదినమున ఇంటినిండ పనియుండగా జలదారిలో నీరు నిలిచిపోగా, చప్టా కట్టిన మట్టియే గొట్టములో పడి పూడినదని జోగమాంబ నిశ్చయించెను. నిశ్చయించిన దానిని మనసులో నుంచుకొను స్వభావము ఆమెది గాదు. గేదెకున్నపాటి విలువ మాకు లేకపోయెనా యని ఆమె దిడ్డివాకిట నిలిచి యడుగుటయు, ఇరువదియారేండ్లు మీ మురుగు నా పెరటిలో పారనిచ్చినందుకు ఇదియా ఫలమని పేరమ్మ బదులు పలుకుటయు, తలుపునకు రెండువైపుల రెండు గడియలు పడుటయు ఒక్క గడియలో జరిగిపోయెను. మరునాడు వ్రతమునకు పేరమ్మ రాలేదు. జోగమాంబ పిలువలేదు. ఊరిముత్తైదువలందరికిని బొట్టుపెట్టి వాయనములిచ్చిన జోగమాంబ ఆనాటి సాయంకాలము అన్నము ముట్టక తలనొప్పియని పండుకొనెను. అది తలనొప్పి కాదని శాస్త్రిగారెరుగుదురు. కాని బింకము మిక్కిలి చెడ్డది. దినములు గడచినకొలది ఆమె కోపము గట్టిపడగా, దిడ్డివాకిలి మూయించి, వాలు లేకున్నను ఎంత లోతైనను సరేయని దక్షిణమువైపున వేరొక జలదారి త్రవ్వించుటకు మేస్త్రికి కబురుపెట్టెను.

ఇక శాస్త్రిగారి రహస్యమొకటి చెప్పవలసియున్నది. చదువరులు తొందరపడి ఆయనను నిందింపకుందురుగాక. జోగమాంబ పెద్దముత్తైదువ. ఆమె రానిదే ఆ వీథిలో ఏ పేరంటమును పేరంటము గాదు. అందుచే శ్రావణము ప్రవేశించినది మొదలు శనగలు మూటలు మూటలుగ ఆ యింటికి వచ్చి పడుచుండెను. వాయనము నిచ్చునపుడు వలదనరాదు. తెచ్చినపిదప పారవేయరాదు. కావున ఉదయము గుగ్గిళ్ళు, మధ్యాహ్నము వంకాయలో శనగలు, సాయంకాలము కొబ్బరికోరు కలిపి మరల గుగ్గిళ్ళు. శాస్త్రిగారు మొదటి మూడుదినములు లొట్టలువేయుచు భుజించిరి. అయిదవదినము ఓర్చుకొనిరి. ఎనిమిదవదినమునకు కడుపుబ్బరము పట్టుకొని రాత్రులు నిద్రకు దూరమైరి. వద్దు అను రెండక్షరముల మాట పలికినచో ఆ బాధ తీరియుండెడిది. కాని ముప్పదినాలుగేండ్ల కాపురమున ఇల్లాలు వడ్డించిన దానిని వద్దనుట ఆయనకు అలవాటు గాలేదు. అది ప్రేమయో పిరికితనమో ఆయనకే తెలియదు.

అందుచే ఆ పండితుడు ఒక ఉపాయమాలోచించెను. జోగమాంబ పేరంటమునకు పోయినవేళ గంగాళములో నానుచున్న శనగలను రెండుమూడు దోసిళ్ళు తీసి స్నానశాలచెంతనున్న జలదారిలో విడిచి రెండుచెంబుల నీళ్ళు పోయుచుండెను. పాపభీతి గల మనుష్యుడు గనుక అందులకు సమాధానమును కల్పించుకొనెను. పూజాద్రవ్యములను ప్రవాహమున విడువవలెనని పెద్దలు చెప్పుదురు. జలదారి వీథికాలువలో కలియును. వీథికాలువ పడవలకాలువలో కలియును. పడవలకాలువలోనిది గోదావరినీరు. కావున జలదారియు గోదావరియే యని తేల్చుకొని చేతులు కడుగుకొనెను. ఆశ్చర్యమేమనగా ఆయన ఎంత తీసినను గంగాళము తరుగకుండెను. ఒకదోసిలి తగ్గించినచో మరునాడు శేరు పెరుగుచుండెను. నీరు నిలిచిననాటినుండి ఆ పని మానివేసెనేగాని, దోసెడు శనగలు గొట్టమునకు అడ్డుపడునని ఆయనకు తలపునకైనను రాలేదు. చప్టామట్టియే కారణమని భార్య చెప్పినమాటను నమ్ముటకు ఆయనకు హాయిగానే యుండెను.

తాపీమేస్త్రి తాతబ్బాయి ఇటుకలబండితో వచ్చెను. అరువదియేండ్లు దాటిన ఆ మేస్త్రియే పూర్వము ఆ గొట్టమును పాతినవాడు. ముందు వాకిలి మూసి పిదప క్రొత్తజలదారి త్రవ్వుమని జోగమాంబ చెప్పి వంటయింటిలోనికి పోయెను. తాతబ్బాయి వాకిలిని చూచి, నీటిని చూచి, తలపాగ సరిచేసికొని శాస్త్రిగారి దగ్గరకు వచ్చెను.

"శాస్త్రులుగారూ, ఇది నా చేత్తో దించిన గొట్టమండి. ఎక్కడ పట్టిందో చూడకుండా కొత్తది తవ్వడానికి నాకు మనసొప్పడం లేదండి."

శాస్త్రిగారు తలయూపిరి. తాతబ్బాయి పొడవైన వెదురుబద్దను చీల్చి కొనను నునుపుచేసి జలదారిమూతినుండి మెల్లగ లోనికి తోయసాగెను. అయిదుమూరలు పోయి బద్ద ఆగిపోయెను. త్రిప్పెను. వెనుకకు లాగి మరల తోసెను. అంతకు మించి అడుగైన సాగలేదు. అతడు బద్దపై బొటనవ్రేలుంచి గురుతుపెట్టుకొని బయటకు తీసి నేలపై పరచిచూడగా దాని కొన అరటిబోదెల మొదటికి వచ్చెను. గోడ ఇంకను నాలుగుమూరల దూరముననుండెను. గోడదాక పోనేలేదని, అవతలి అమ్మగారి తప్పేమియు లేదని తాతబ్బాయి గొంతు తగ్గించి చెప్పెను. శాస్త్రిగారు ఒక్కమారు స్నానశాలవైపు చూచి చూపు మరల్చుకొనిరి.

తాతబ్బాయి ఆ తావున రెండడుగులు త్రవ్వి గొట్టపు అతుకు విప్పి ఇనుపకొక్కెము లోనికి పోనిచ్చి లాగెను. జడవలె అల్లుకొనిన తెల్లనివేళ్ళ ముద్ద యొకటి బయటపడెను. ఆ వేళ్ళనడుమ గంజితెట్టుతో అంటుకొని, ఉబ్బి, పగిలి, జానెడేసి పాలిపోయిన మొలకలు సాచిన శనగలు వందలకొలది కనబడెను. వెలుతురెరుగని ఆ గొట్టములో అవి హాయిగ వ్యవసాయము సాగించుకొనుచుండెను. మూడుమారులు లాగుసరికి లోపలినుండి పెద్ద గుటక వేసినట్లు శబ్దమై పెరటిలోని నీరంతయు సుడితిరిగి దిగిపోసాగెను. పదిదినముల పిదప నీరు పారుచున్న చప్పుడు చెవినిబడినను శాస్త్రిగారు సంతోషింపజాలకపోయిరి.

తాతబ్బాయి ఆ మొలకలవైపు చూచి, శాస్త్రిగారి మొగమువైపు చూచి, అంతయు గ్రహించెను. అతడు చాల యిండ్ల జలదారులు తెరచినవాడు. వాటిలో ఏమేమి దాగియుండునో అతనికి తెలియును.

"బాగానే మొలిచాయండి. నాకెందుకు లెండి, మట్టి పూడిందని చెప్పేస్తాను."

శాస్త్రిగారు మారుపలుకక గుప్పెడు మొలకలను ఉత్తరీయపుచెరగున దాచుకొని మరల తిన్నెయెక్కిరి. ఆ మౌనమును సమ్మతిగ నెంచి తాతబ్బాయి మిగిలినదానిని అరటిపాదులో కప్పిపెట్టెను.

నీటిచప్పుడు విని జోగమాంబ బయటకు వచ్చెను. మట్టి పూడినది తీసితినని తాతబ్బాయి చెప్పెను. ఆ చిన్నయబద్ధము ఎంతపని చేయునో ఆ యిరువురును ఊహింపలేదు. మట్టి మన పెరటిలో ఎక్కడిది, చప్టా కట్టినప్పటి మట్టియే, నేననుకొన్నది నిజమైనదని జోగమాంబ తీర్మానించెను. ఇక వాకిలి మూయుటకు తడవుచేయవలదని ఆజ్ఞాపించెను. తాతబ్బాయి దీనముగ శాస్త్రిగారివైపు చూచెను. శాస్త్రిగారు ఆకాశమువైపు చూచిరి. సున్నము కలుపబడెను. మొదటి వరుస ఇటుకలు పేర్చబడెను. రెండవ వరుసయు పేర్చబడెను.

ఈవలి గడియను తాతబ్బాయి పనికొరకు ముందే తీసియుండెను. అప్పుడు ఆవలివైపు గడియయు తీసిన చప్పుడై పేరమ్మ వాకిట నిలిచెను. ఆమె ఎవరివైపును చూడలేదు. చంకనున్న గంపను దించి అందులోని వస్తువులను ఒక్కొక్కటిగ తీసి ఇటుకలమీదుగ ఈవలి గడపపై నుంచసాగెను. జోగమాంబ పెండ్లినాటి ఇత్తడిచెంబు. ఎన్నడో అప్పడములు వత్తుకొనుటకు తీసికొనిపోయిన కర్ర. చేట. కుంకుమభరిణె. కవ్వము. ఏది యెవరిదో ఇరువురును మరచిపోయినన్ని యేండ్లు ఆ వాకిటగుండ అటునిటు తిరిగిన వస్తువులవి. జోగమాంబ పెదవులు బిగించుకొని ఆ కవ్వమునే చూచుచుండెను. తాతబ్బాయి మూడవవరుస ఇటుకను చేతబట్టుకొని పేర్చలేక నిలిచిపోయెను.

శాస్త్రిగారు ఇక తాళలేకపోయిరి. తిన్నెదిగి వాకిటికి వచ్చిరి.

"ఇదిగో, ఆ ఇటుక ఆపించు. పేరమ్మ తప్పు ఏమీ లేదు. నీళ్ళకు అడ్డం వేసింది నేను."

జోగమాంబ తెల్లబోయి చూచుచుండగా శాస్త్రిగారు ఉత్తరీయపుచెరగు విప్పి మొలకలను అరచేత చూపిరి. ముప్పదియొక్క వత్సరములు గంటలకొలది అనర్గళముగ పాఠములు చెప్పిన ఆ నోట మాటలు తడుముకొనుచు వెడలెను. దోసిళ్ళసంగతియు కడుపుబ్బరముసంగతియు మట్టియని చెప్పనిచ్చి ఊరుకొనిన సంగతియు ఏదియు దాచక చెప్పివేసిరి. జలదారియు గోదావరియే యను సిద్ధాంతమును మాత్రము చెప్పుటకు సిగ్గుపడిరి.

జోగమాంబ ఆ మొలకలలో ఒకదానిని తీసి వ్రేళ్ళనడుమ నుంచుకొని చూచెను. ఆమె కన్నులు చెమ్మగిల్లెను.

"గంగాళం తరిగిపోతూంటే మీరు చాటుగా తింటున్నారనుకున్నాను. ఇన్నేళ్ళకు ఒకటి ఇష్టపడి తింటున్నారు గదా అని మురిసిపోయి రోజూ ఇంకో శేరు నానబోశాను. వద్దని ఒక్క మాట అంటే నేనేమన్నా అనేదాన్నా?"

శాస్త్రిగారు తలవంచుకొనిరి. తిట్టినను భరించియుండెడివారు. ఆ మాటలో కోపములేకుండుటయే ఆయనకు గట్టిగ తగిలెను.

పిదప జోగమాంబ వాకిటివైపు తిరిగి పేరమ్మ మొగమును సూటిగ చూచెను. పదిదినములలో అదియే మొదటిచూపు.

"వదినా, అనరాని మాట అన్నాను. పండగపూట నీకు బొట్టు పెట్టలేదు. నాదే తప్పు."

పేరమ్మ పైటకొంగుతో కన్నులద్దుకొనెను. వంగి, తాను అప్పుడే గడపపై నుంచిన కవ్వమును మరల చేతికి తీసికొనెను.

"తప్పుల సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం గాని ముందు ఆ ఇటుకలు తీయించు. ఈ కవ్వం లేకపోతే రేపు నేను చల్ల ఎలా చేసుకునేది?"

తీయించుటకు జోగమాంబ ఆగలేదు. పట్టుచెంగు నడుమున దోపుకొని సున్నము తడియారని ఇటుకలను తానే పెరికి ప్రక్కకు పెట్టెను. ఆవలినుండి పేరమ్మయు చేయివేసెను. రెండు వరుసలును రెండు నిముసములలో ఊడిపోయెను. ఇరువురి చేతులును సున్నమైపోగా ఒకరి చేతులను చూచి యొకరు నవ్వుకొనిరి. నవ్వుచునే ఏడ్చిరి. తన పని చెడినందుకు ఇంత సంతోషించిన మేస్త్రి తాతబ్బాయి తప్ప వేరొకడు ఉండబోడు.

అతడు ఆ యిటుకలను ఊరక పోనీయలేదు. జలదారిమూతిచెంత వాటితోనే ఒక చిన్నగుంట కట్టి, బరువైనదేదైనను అందులో దిగి తేటనీరే గొట్టములోనికి పోవునట్లు అమర్చెను. మూతిపై చిల్లులుపొడిచిన రేకొకటి బిగించెను. గంజి జలదారిలో పోయక గేదెకుడితిలో పోయవలెననియు, అంట్లు తోమిన చింతపండుపిప్పియు తలదువ్వినపుడు రాలిన వెండ్రుకలును కుంకుడుపిప్పియు రేకుమీదనే ఏరి పాదులో వేయవలెననియు, వారమునకొకమారు మరిగిన నీరు బిందెడు పోయవలెననియు చెప్పెను. గుంట నిండకమునుపే తోడవలెనని ఒకటికి రెండుమారులు హెచ్చరించెను. ఈ పనులన్నియు ఎవరు చేయవలెనను ప్రశ్న పుట్టకమునుపే వదినలిద్దరును శాస్త్రిగారివైపు చూచిరి. శాస్త్రిగారు వినయపూర్వకముగ ఆ యధికారమును స్వీకరించిరి.

మధ్యాహ్నమునకు పెరడెల్ల కడుగబడి రాళ్ళు తెల్లగ ఆరుచుండెను. దిడ్డివాకిలి రెండుతలుపులును బార్లగ తెరచియుండగా శాస్త్రిగారు భోజనమునకు కూర్చుండిరి. ఆకుప్రక్కన గిన్నెతో గుగ్గిళ్ళుండెను. ఉదయమే వండియుంచినవి. జోగమాంబ గరిటె చేతబట్టుకొని వడ్డింపక ఆయన మొగమువైపు చూచుచు నిలిచి, కావలెనా యని మెల్లగ అడిగెను. ఆ కాపురమున ముప్పదినాలుగేండ్లలో ఆ ప్రశ్న పుట్టుట అదియే తొలిసారి.

మింగిన మాట మనసులోనే కరగిపోవునని మనుష్యుడు భ్రమపడును గాని అది ఎచటనో అడ్డుపడి, మొలకెత్తి, వేళ్ళుపారి, తుదకు పొరుగువాకిట తేలును. సకాలమున పలికిన చిన్నమాటకంటె ఇంటికి మేలైన మరామతు లేదు. సోమనాథశాస్త్రిగారు ఒక్కమారు గుటకవేసి, ఇల్లాలి కన్నులలోనికి చూచి "వద్దు" అనిరి. ఆమె నవ్వి గిన్నె నెత్తుకొని పేరమ్మ గేదెకు పెట్టివచ్చుటకు దిడ్డివాకిలి దాటిపోయెను.